నిల్వలో ఒకటి తక్కువ

సెప్టెంబరు ముప్పయి.
రెండో త్రైమాసికం ఇవ్వాళ్టితో సరి.
పై ఆఫీసుకు పంపాల్సిన నివేదికలో పదమూడు గడులు.
ప్రారంభ నిల్వ, వచ్చింది, పోయింది, ముగింపు నిల్వ...
మనిషి పట్టే గడి ఒక్కటీ లేదు,
చివర్న రిమార్కులని
రెండు వేళ్ల వెడల్పు జాగా తప్ప.

మొదట జీడిమెట్ల ఫైలు.
జూన్‌లో నేనే వెళ్లాను.
వెనక గేటు దగ్గర మురిగిన కోడిగుడ్ల వాసన,
లోపల నీలం డ్రమ్ముల వరస, తెల్ల పొడి.
తలకు బట్ట టోపీ తొడిగి నన్ను తిప్పిన మేనేజరు పద్మనాభం
'ప్రాసెస్ లాస్ మేడం' అన్నాడు,
గిన్నెలో ఇగిరిపోయిన నీళ్ల గురించి చెప్పినట్టు.
నూటికి రెండు. అనుమతించిన హద్దులోపలే.
నూటికి రెండంటే ఎన్ని కిలోలో
కాలిక్యులేటర్ చెప్పింది.
కిలోకి ఎన్ని మాత్రలో
రాత్రి పడుకున్నాక నేనే లెక్కేసుకున్నాను.
గోడలకు అంటుకుందా, గాలిలో కలిసిందా,
తెల్లారకముందే ఏ డీసీఎం అన్నా ఎక్కిందా...
ఫారం అడగదు.
అడగనిది రాస్తే కొట్టివేత.
సంతృప్తికరం. సంతకం. స్టాంపు.

తర్వాత కోఠీ.
షట్టరు సగం దించుకుని కూర్చున్న సోహన్‌లాల్
ట్రమడాల్ బిల్లులన్నీ తీగకు గుచ్చి చూపించాడు.
ఒకే డాక్టరు చీటీ, ఒకే వంకర సంతకం,
నలభై రెండు పేర్లకు.
ఆ డాక్టరు పోయి రెండేళ్లయింది.
షోకాజు ఇచ్చాను. పొరపాటన్నాడు.
పొరపాటుకు జరిమానా కట్టి రసీదు జతపరిచాడు.
జతపరిచాక ఫైలుకు ఆకలుండదు.

మూడోది పలచని నోటుబుక్కు.
పన్నెండు మంచాల వార్డు.
జబ్బు తగ్గదని తేలినవాళ్లకు
నొప్పి మాత్రం తగ్గిస్తారక్కడ.
సిస్టర్ సలోమి చేతిరాత కుట్టుపనిలా ఉంటుంది:
పట్టీ అంటించిన గంట, ఊడదీసిన గంట,
ఇద్దరి ఎదుట కత్తిరించిన గంట.
తపాలా బిళ్లంత ఫెంటనిల్ పట్టీలు.
ఇచ్చినవి ముప్పై ఒకటి.
వాడాక తిరిగొచ్చినవి ముప్పై.

దీనికి హద్దు లేదు. నూటికి రెండు లేదు.
ఒకటంటే ఒకటే.
నోటీసు నేనే రాశాను, మూడు సెక్షన్లు పెట్టి.

సలోమి జవాబు రాయలేదు.
బోరబండకు తోలుకుపోయింది.
రేకుల గది. మేకుకు ఖాకీ చొక్కా,
జేబులోంచి సగం కనిపిస్తున్న ఆటో లైసెన్సు.
బాలమణి నాకు స్టూలు జరిపి తను కింద కూర్చుంది.

'ఆయన ఛాతి మీదనే ఉండె మేడం.
అంతకుముందు చెయ్యి తాకనియ్యకపోతుండె.
గది పెట్టిన రాత్రి, ఆర్నెల్లకు,
నా దిక్కు తిరిగి పండుకున్నడు.
పొద్దుగాల లేవలే.
నీళ్లు పోసేటప్పుడు కనబడ్డది గని
తీసెతందుకు మనసు రాలే.
తీస్తే మళ్ల నొస్తదేమో అనిపించింది.'

పెన్ను మూత తీశాను, పెట్టాను.
'కాలబెట్టిన్రా, బొందపెట్టిన్రా?'
అడిగింది నేను కాదు, నాలో ఉన్న ఫారం.
'బొందనే' అంది.
ఎన్ని అడుగుల లోతని గడి ఉంటే
అదీ అడిగేదాన్నేమో.

ఇప్పుడు ఆరు దాటింది.
అటెండరు జహంగీర్ వరండా లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతూ
నా గది దగ్గర దగ్గాడు.
రెండు వేళ్ల జాగాలో
పోయిందని రాస్తే సలోమి ఉద్యోగం,
నాశనం చేశామంటే నా అబద్ధం.
చాలాసేపటికి రాశాను:
'వాడుకలో ఉంది.'

తరవాత ఏం తోచిందో
జీడిమెట్ల ఫైలు మళ్లీ లాగి
సంతృప్తికరం మీద బొటనవేలితో రుద్దాను.
అక్షరాలు చెదరలేదు.
వేలికి మాత్రం ఊదారంగు అంటింది,
సబ్బుకు పోలేదు.